పెద్ద భూకంపం తర్వాత మొదటి గంటలో ఏం జరిగింది? తరంగాల పోలికతో అనంతర ప్రకంపనలను పట్టే పద్ధతి

2004 సెప్టెంబర్ 28 ఉదయం అమెరికాలోని కాలిఫోర్నియాలో, పార్క్‌ఫీల్డ్ అనే పల్లె దగ్గర, శాన్ ఆండ్రియాస్ భ్రంశం (నేల పొరలు ఒకదాని పక్కన ఒకటి జారే పగులు) మీద 6.0 పరిమాణంతో భూకంపం వచ్చింది. అది వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, బోరు రంధ్రాల్లోకి సైతం సీస్మోమీటర్లు, అంటే నేల కదలికను నమోదు చేసే పరికరాలు, దింపి కాచుకున్న చోటు అది. అయినా అనంతర ప్రకంపనల్లో చాలా భాగం అధికారిక జాబితాకు ఎక్కనే లేదు. 2009లో జిగాంగ్ పెంగ్, పెంగ్ ఝావో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అవే రికార్డులను మరో పద్ధతిలో వెతికారు. మొదటి మూడు రోజులకు వాళ్లకు దొరికిన ప్రకంపనలు జాబితాలో ఉన్నవాటికి 11 రెట్లు. కొత్త పరికరం ఒక్కటి పెట్టింది లేదు. వెతికే తీరు మారింది, అంతే.

ఆ తీరు పేరు టెంప్లేట్ మ్యాచింగ్, అంటే తరంగ నమూనాల పోలిక. ముందుగా ఒక మాట. మన పత్రికలు ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత’ అని రాసేది భూకంపం మొత్తం పరిమాణాన్ని, అంటే మాగ్నిట్యూడ్‌ను. తీవ్రత అనేది ఊరూరికీ మారుతుంది, పరిమాణం ఒక భూకంపానికి ఒకటే. ఈ వ్యాసంలో వచ్చే అంకెలన్నీ పరిమాణానివే.

అనంతర ప్రకంపనలకూ ఒక లెక్క ఉంది

1891లో జపాన్‌లో నోబి భూకంపం వచ్చాక, రోజురోజుకీ ఎన్ని ప్రకంపనలు వస్తున్నాయో ఒమోరి ఫుసాకిచి లెక్కగట్టాడు. గడిచిన కాలానికి విలోమంగా వాటి సంఖ్య తగ్గుతోందని 1894లో చెప్పాడు. పది రోజులు గడిచాక ప్రకంపనలు వచ్చే వేగం, ఒక రోజు గడిచినప్పటి వేగంలో సుమారు పదో వంతు. ఈ సూత్రంలో ‘సి’ అనే చిన్న స్థిరాంకం ఒకటుంది. భూకంపం వచ్చిన క్షణంలో లెక్క అనంతానికి పోకుండా ఆపేది అదే. దాని మీద తగాదా ఇంకా తీరలేదు, తర్వాత చూద్దాం.

సి విలువ 0.01 రోజు, అంటే సుమారు 14 నిమిషాలు అనుకుని లెక్క వేస్తే, మొదటి రోజు వచ్చే ప్రకంపనల్లో దాదాపు 36 శాతం మొదటి గంటలోనే వచ్చేస్తాయి. రెండో రోజు మొత్తం కలిపినా మొదటి రోజులో 15 శాతమే. భ్రంశం ఎక్కువగా మాట్లాడేది ఆ మొదటి గంటలోనే, మన యంత్రాలకు సరిగా వినపడనిదీ ఆ గంటలోనే.

ఇంకో రెండు నియమాలు క్లుప్తంగా. పరిమాణం ఒక అంకె తగ్గితే ప్రకంపనల సంఖ్య సుమారు పది రెట్లు పెరుగుతుంది. 4 పరిమాణంవి పది వస్తే 3 పరిమాణంవి వంద, 2 పరిమాణంవి వెయ్యి. ఇక అనంతర ప్రకంపనల్లో అతి పెద్దది సగటున ప్రధాన భూకంపం కంటే 1.2 తక్కువ ఉంటుందని బాత్ నియమం అంటుంది. సగటు సగటే: 2015లో నేపాల్‌లో 7.8 వచ్చిన 17 రోజులకు 7.3 వచ్చింది.

యంత్రం ఎందుకు తప్పిపోతుంది

మామూలు గుర్తింపు యంత్రం చేసే పని సులువైనది. గత ఒక సెకనులో కదలిక సగటు ఎంత, గత 30 సెకన్లలో సగటు ఎంత అని చూస్తుంది. మొదటిది రెండోదానికి మూడు నాలుగు రెట్లు దాటితే ‘ఏదో వచ్చింది’ అని గంట కొడుతుంది. కనీసం నాలుగు నమోదు కేంద్రాల్లో దాదాపు ఒకేసారి గంట మోగితేనే అది భూకంపం అని తేల్చి, ఎక్కడ వచ్చిందో లెక్క కడతారు.

పెద్ద భూకంపం తర్వాత ఈ లెక్క తలకిందులవుతుంది. ప్రధాన తరంగాలు పోయాక కూడా రాళ్లలో చెదిరిన శక్తి నిమిషాల తరబడి మోగుతూ ఉంటుంది. దాన్ని కోడా అంటారు, ప్రకంపనల తోక అన్నమాట. 30 సెకన్ల సగటు ఆకాశాన్ని అంటుతుంది కాబట్టి నిష్పత్తి మూడు దాటదు. దాటినా, ఒకదాని మీద ఒకటి పడుతున్న ప్రకంపనల్లో ఏ కేంద్రంలోని ఏ తరంగం ఎవరిదో విడదీయలేం.

దక్షిణ కాలిఫోర్నియా రికార్డుల నుంచి హెల్మ్‌స్టెట్టర్, కాగన్, జాక్సన్ 2006లో ఒక సూత్రం తీశారు. ఒక క్షణాన జాబితా ఏ పరిమాణం వరకు పూర్తిగా ఉందో అది చెబుతుంది: ప్రధాన పరిమాణం నుంచి 4.5 తీసేసి, రోజుల్లో లెక్కించిన కాలం సంవర్గమానానికి 0.75 రెట్లు కూడా తీసేయాలి. 6.0 భూకంపానికి లెక్క వేస్తే, ఒక నిమిషానికి ఆ గీత 3.9 దగ్గర ఉంటుంది. పది నిమిషాలకు 3.1, గంటకు 2.5, ఒక రోజు గడిచేసరికి 1.5. అంటే మొదటి నిమిషంలో 3 పరిమాణం ప్రకంపన వచ్చినా జాబితాలో చేరుతుందన్న భరోసా లేదు. జాబితాలో కనిపించే నిశ్శబ్దం భూమిది కాదు, మన చెవిది.

ఒకే గొంతు మళ్లీ మళ్లీ

ఒక కేంద్రంలో నమోదైన తరంగం ఆకారాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: భ్రంశం ఎక్కడ, ఏ దిశలో జారింది, తరంగం ఏ రాళ్ల గుండా వచ్చింది, సీస్మోమీటర్ కింద నేల ఎలాంటిది. భ్రంశంలో ఒకే చోట, ఒకే తీరులో రెండుసార్లు జారితే మూడూ మారవు కాబట్టి, రెండో తరంగం మొదటిదానికి అచ్చు నకలుగా వస్తుంది. పరిమాణం తక్కువైతే ఎత్తు తగ్గుతుంది, వంపులు మాత్రం అవే.

మేడారం జాతర జనంలో గద్దెల దగ్గర తప్పిపోయిన పిల్లవాడి గొంతు తల్లికి ఎలా తెలుస్తుంది? బిగ్గరగా ఉన్నందుకు కాదు, ఆ గొంతు ముందే తెలుసు కాబట్టి. ఈ పద్ధతి చేసేదీ అదే. ఇదివరకే స్పష్టంగా నమోదైన ప్రకంపన తరంగాన్ని నమూనాగా కత్తిరించి, రోజంతటి రికార్డు మీద కొసనుంచి కొసకు జరుపుకుంటూ పోతుంది. ప్రతి అడుగులో పోలిక ఎంత ఉందో ఒక అంకెగా రాసుకుంటుంది.

ఆ అంకె సహసంబంధ గుణకం. పూర్తిగా కలిస్తే 1, ఏ సంబంధం లేకపోతే 0, తలకిందులుగా కలిస్తే మైనస్ 1. ఐదే ఐదు శాంపిళ్లతో, అంటే వరుస కొలతలతో, ఒకటి చేసి చూద్దాం. నమూనా: 0, 3, −4, 2, −1. రికార్డులో ఒకచోట: 1, 2, −5, 3, −1. రెండింటి మొత్తాలూ సున్నాయే, కాబట్టి సగటు తీసేయాల్సిన పని లేదు.

జతల లబ్ధాలు కలిపితే 0 + 6 + 20 + 6 + 1 = 33. నమూనా వర్గాల మొత్తం 30, రికార్డుది 40. 30ని 40తో గుణిస్తే 1200, దాని వర్గమూలం 34.64. 33ని 34.64తో భాగిస్తే 0.95. పోలిక గట్టిగా ఉంది. ఇప్పుడు ఒక్క శాంపిల్ జరుపుదాం. రికార్డులో తర్వాతి విలువ 1 అనుకుంటే, కిటికీలో (నమూనాతో పోల్చే ముక్కలో) 2, −5, 3, −1, 1 ఉంటాయి. లబ్ధాల మొత్తం −30, గుణకం −0.87. ఒక్క అడుగు తేడాతో శిఖరం లోయ అయింది. రికార్డు విలువలన్నిటినీ పదో వంతుకు తగ్గించినా గుణకం మారదు. చిన్న ప్రకంపనను పట్టగలగడానికి మూలం ఇదే: ఎత్తు చూడదు, ఆకారమే చూస్తుంది.

ఒక్క కేంద్రం చెబితే నమ్మకూడదు

రొదలో కూడా అప్పుడప్పుడు అనుకోకుండా పోలిక కుదురుతుంది. ఎంత? నమూనా పొడవు 6 సెకన్లు, వడపోత 2 నుంచి 8 హెర్ట్జ్, అంటే ఆ మధ్య పౌనఃపున్యాల పట్టీనే ఉంచాం అనుకుందాం. అందులో నిజంగా స్వతంత్రమైన విలువలు సుమారు 72 (పట్టీ వెడల్పు 6, కాలం 6, దానికి రెట్టింపు). వట్టి రొదలో గుణకం చెదురు (సున్నాకు అటూ ఇటూ ఊగే మేర) 72 వర్గమూలానికి విలోమం, అంటే 0.118.

ఇప్పుడు రొదలో ఐదో వంతు ఎత్తున్న ప్రకంపన వచ్చిందనుకోండి. దాని గుణకం 0.2 దగ్గర ఉంటుంది. చెదురుకు 1.7 రెట్లు మాత్రమే, కాబట్టి అలాంటివి రొదలో నిమిషానికి ఎన్నో పుడతాయి. అయితే తొమ్మిది కేంద్రాలు, ఒక్కోదానిలో మూడు దిశల చొప్పున 27 చానెళ్లు ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి తరంగం చేరే సమయం నమూనాకు ముందే తెలుసు, ఆ తేడాలు సరిచేసి 27 గుణకాల సగటు తీస్తారు. నిజమైన 0.2 అలాగే నిలుస్తుంది. రొద చెదురు 27 వర్గమూలం వంతు, అంటే 5.2 రెట్లు తగ్గి 0.023కి దిగుతుంది. అదే ప్రకంపన ఇప్పుడు చెదురుకు 8.8 రెట్లు. ఏ ఒక్క కేంద్రంలోనూ కంటికి ఆననిది, అన్నీ కలిస్తే కళ్లెదుట నిలబడుతుంది. ఈ విద్యలో అసలు బలం పోలికలో కంటే ఈ కలుపుకోవడంలోనే ఉంది.

11 రెట్లు అన్న సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఇక్కడే అందుతుంది. మామూలు యంత్రానికి ప్రకంపన రొదకు మూడు రెట్లు ఉండాలి, ఈ పద్ధతికి ఐదో వంతు చాలు. ఎత్తు పది రెట్లు మారితే పరిమాణం ఒక అంకె మారుతుంది కాబట్టి, ఈ 15 రెట్ల తేడా పరిమాణంలో సుమారు 1.2. పరిమాణం అంత దిగితే సంఖ్య కూడా 15 రెట్లకు పెరగాలి. వాస్తవంలో అన్ని నమూనాలూ ఇంత చక్కగా ఉండవు, అందుకని పది రెట్ల చుట్టుపక్కల ఆగుతుంది.

గీత ఎక్కడ గీయాలి

సగటు గుణకం ఎంత దాటితే ప్రకంపన అనాలి? 0.2 అనో 0.3 అనో స్థిరంగా పెట్టుకుంటే కుదరదు, ఎందుకంటే రొద రోజుకో తీరుగా, చానెళ్ల సంఖ్య గంటకో తీరుగా ఉంటుంది. అందుకే ఆ రోజు గుణకాల మధ్యగతం నుంచి విచలనాలు తీసి, వాటి మధ్యగతానికి 8 లేదా 9 రెట్లు గీతగా పెడతారు. సగటు విచలనం వాడకపోవడానికి కారణం ఉంది: నిజమైన ప్రకంపనల పెద్ద విలువలు సగటును లాగేస్తాయి, మధ్యగతాన్ని కదిలించలేవు.

8కి, 9కి తేడా చిన్నదిగా కనిపిస్తుంది. లెక్క వేస్తే అలా లేదు. సెకనుకు 100 శాంపిళ్ల చొప్పున రోజుకు 86 లక్షల 40 వేల అడుగులు. రొద సామాన్య విభాజనం పాటిస్తే, 8 రెట్ల గీతను ఒక్కో నమూనా పొరపాటున దాటేది రోజుకు 0.3 సార్లు, 9 రెట్ల గీతనైతే 0.0055 సార్లు. వెయ్యి నమూనాలతో వెతికితే మొదటిదానితో రోజుకు దాదాపు 300 దొంగ ప్రకంపనలు, రెండోదానితో ఐదారు. అసలు రొద సామాన్య విభాజనాన్ని అంత బుద్ధిగా పాటించదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే వస్తాయి. ఒక మంచి పరీక్ష: నమూనాను కాలంలో తిరగేసి, వెనక నుంచి ముందుకు పెట్టి అదే రికార్డులో వెతకండి. అలాంటి భూకంపం ఉండదు కాబట్టి దొరికినవన్నీ దొంగవే. వాటి సంఖ్యే పొరపాట్ల కొలత.

గీత దాటినవాటి పరిమాణాన్ని ఎత్తుల నిష్పత్తితో కడతారు. ఒక్కో చానెల్లో కొత్త ప్రకంపన ఎత్తును నమూనా ఎత్తుతో భాగించి, అన్నిటి మధ్యగతం తీస్తారు. 2.5 పరిమాణం నమూనాకు నిష్పత్తి 0.1 వస్తే కొత్తది 1.5. కోడా మీద కూర్చున్న ప్రకంపనకు ఆ కోడా ఎత్తు కూడా కలిసిపోతుంది, అందుకే మొదటి నిమిషాల్లో పరిమాణాలు ఎక్కువగా చూపిస్తాయి.

ఎక్కడ దెబ్బతింటుంది

మొదటి లోపం పుట్టుకతోనే ఉంది: నమూనా లేని చోట వచ్చిన ప్రకంపన దొరకదు. ఎంత దూరం వరకు పోలిక నిలుస్తుందంటే, స్థూలంగా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు వరకు. భూకంపంలో రెండో విడతగా వచ్చే ఎస్ తరంగం వేగం సెకనుకు 3.5 కిలోమీటర్లు, పౌనఃపున్యం 5 హెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 700 మీటర్లు, నాలుగో వంతు 175 మీటర్లు. గీత దాటడానికి అంత గట్టి పోలిక అక్కర్లేదు కాబట్టి ఆచరణలో ఇంకాస్త దూరం పనిచేస్తుంది. అయినా భ్రంశమంతా కప్పాలంటే వందలు, వేల నమూనాలు కావాలి. పౌనఃపున్యం తగ్గిస్తే ఒక్కో నమూనా పరిధి పెరుగుతుంది, కానీ ప్రధాన భూకంపం తోక ఎక్కువగా ఉండేది తక్కువ పౌనఃపున్యాల్లోనే. పట్టీని మరీ ఇరుకు చేస్తే ఇంకో చిక్కు. 5 నుంచి 6 హెర్ట్జ్ మాత్రమే ఉంచితే పైన లెక్కించిన 72 కాస్తా 12 అవుతుంది, ప్రతి తరంగమూ ప్రతి తరంగంలాగే కనిపిస్తుంది.

గడియారం తప్పు బయటికి కనపడదు, పనిని మాత్రం పాడుచేస్తుంది. 5 హెర్ట్జ్ తరంగంలో సగం చక్రం 0.1 సెకను. ఒక కేంద్రంలో జీపీఎస్ సమయం పోయి 0.1 సెకను జరిగితే, ఆ కేంద్రం 0.2కి బదులు −0.2 కలుపుతుంది, మిగతావాటి కష్టాన్ని తానే కొట్టేస్తుంది. రికార్డులో ఖాళీ ఉన్నచోట సున్నాలు నింపితే భాగహారంలో హారం సున్నా అవుతుంది. ఆ కిటికీలను ముందే పక్కన పెట్టాలి. ప్రధాన భూకంపానికి దగ్గరి కేంద్రాల్లో సీస్మోమీటర్ హద్దు దాటి, తరంగం తల తెగి నమోదవుతుంది. తెగిన ఆకారాన్ని పోల్చి లాభం లేదు.

పేలుళ్లు మరో తలనొప్పి. ఒకే గనిలో, ఒకే తీరున పేల్చే మందు తరంగాలు ఒకదానికొకటి ఏ భూకంపానికీ కలవనంత చక్కగా కలుస్తాయి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దగ్గరో, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరో ఈ పద్ధతి వాడేవారు దొరికినవాటిని గంటల వారీగా పరచి చూడాలి. భూకంపాలకు పగలూ రాత్రీ తేడా లేదు. ఒక నమూనా కింద దొరికినవన్నీ పగటి పూటే ఉంటే అది క్వారీ.

ఒకే ప్రకంపనను పక్కపక్కన ఉన్న పది నమూనాలూ పట్టేస్తాయి. అందుకని రెండు మూడు సెకన్ల లోపు ఉన్నవాటిలో గుణకం ఎక్కువున్న ఒక్కటే ఉంచి మిగతావి తీసేస్తారు. కానీ మొదటి నిమిషాల్లో రెండు సెకన్ల తేడాతో నిజంగానే రెండు ప్రకంపనలు రావచ్చు, వాటిలో ఒకటి పోతుంది.

ఇక లెక్కల భారం. 600 శాంపిళ్ల నమూనాను రోజంతా జరిపితే ఒక్క చానెల్‌కే 500 కోట్లకు పైగా గుణకారాలు. వడపోత 8 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది కాబట్టి శాంపిళ్లను సెకనుకు 25కి తగ్గించవచ్చు. రికార్డూ నాలుగో వంతు, నమూనా కూడా నాలుగో వంతు, పని 16 రెట్లు తగ్గుతుంది. మిగిలింది గ్రాఫిక్ ప్రాసెసర్ల వంతు. దక్షిణ కాలిఫోర్నియాలో 2008 నుంచి 2017 వరకు పదేళ్ల రికార్డులను జాకరీ రాస్ బృందం 2 లక్షల 84 వేల నమూనాలతో వెతికింది, 200 గ్రాఫిక్ ప్రాసెసర్లు వాడింది. 2019లో వచ్చిన ఫలితం 18 లక్షల 10 వేల భూకంపాలు. సగటున 174 సెకన్లకు ఒకటి.

ఎక్కువ దొరికితే ఎక్కువ తెలిసినట్టేనా

పార్క్‌ఫీల్డ్‌లో జవాబు అవుననే. అనంతర ప్రకంపనల ప్రాంతం కాలం సంవర్గమానంతో పాటు భ్రంశం వెంట పాకుతూ విస్తరించిందని కొత్త జాబితాలో కనిపించింది. పెద్ద జారుడు తర్వాత భ్రంశం సద్దు లేకుండా మెల్లగా జారుతూ పోతుందని, ఆ జారుడే చుట్టూ ప్రకంపనలను రేపుతోందని అర్థం చెప్పుకున్నారు. మొదటి గంటలు ఖాళీగా ఉన్న పాత జాబితాలో ఆ పాకుడు అంత స్పష్టంగా తేలేది కాదు.

సి స్థిరాంకం సంగతి అంత తేలిగ్గా తెగలేదు. అది భ్రంశం స్వభావమా, లేక మొదట్లో మనం లెక్క తప్పినందువల్ల పుట్టిన అంకెనా? కొందరు రెండోదే అంటారు: జాబితా బాగుపడిన కొద్దీ సి చిన్నదవుతూ వస్తోంది, కాబట్టి అసలు విలువ సున్నాకు దగ్గరే అయ్యుండాలి. మరికొందరు జాబితాను ఎంత నింపినా ఒకటి రెండు నిమిషాల మేర చిన్న ఆలస్యం మిగులుతోందని, రాపిడి నియమాల ప్రకారం అలాంటి ఆలస్యం ఉండాల్సిందేనని వాదిస్తారు. మొదటి నిమిషాన్ని ఎవరూ పూర్తిగా వినలేదు గనుక ఇప్పటికి ఇద్దరి మాటకూ చోటుంది.

ముందస్తు ప్రకంపనల చర్చ ఇంకో పాఠం చెబుతుంది. ఆ 18 లక్షల జాబితాను చూసి, 4 కంటే పెద్ద భూకంపాల్లో 72 శాతానికి ముందు చిన్న ప్రకంపనలు మామూలు కంటే పెరిగాయని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. అదే జాబితాను ఇతరులు మళ్లీ పరిశీలించారు. ప్రకంపనలు సహజంగానే గుంపులుగా వస్తాయి కదా, ఆ గుంపుల హెచ్చుతగ్గులను ‘మామూలు’లో కలిపితే శాతం బాగా పడిపోయింది. దొరికిన ప్రకంపనలు అవే, మామూలు అంటే ఏమిటన్న నిర్వచనం మారింది.

సంఖ్యలను పక్కపక్కన పెట్టేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2019 జూలైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్‌లో 6.4, ఆ తర్వాత 34 గంటలకు 7.1 వచ్చాయి. ఈ పద్ధతితోనే తయారైన ఒక జాబితాలో 34 వేల చిల్లర, మరోదానిలో లక్షకు పైగా ప్రకంపనలు ఉన్నాయి. తీసుకున్న రోజులు వేరు, నమూనాలు వేరు, ఎంత నమ్మకం ఉంటే చేర్చాలన్న నియమం వేరు. ఒకటి తప్పు, ఇంకోటి ఒప్పు అనడానికి లేదు.

యంత్రాభ్యాసంతో నేర్చిన ఫేజ్‌నెట్, ఈక్యూట్రాన్స్‌ఫార్మర్ వంటి ప్రోగ్రాములు వచ్చాక నమూనాల అవసరమేముందని అడిగేవారున్నారు. అవి మొదట వచ్చే పీ, తర్వాత వచ్చే ఎస్ తరంగాలు ఎలా ఉంటాయో లక్షల ఉదాహరణల నుంచి నేర్చుకుంటాయి కాబట్టి కొత్త చోట పుట్టినదాన్నీ పడతాయి. అయితే మామూలుగా ఒక్కో కేంద్రాన్ని విడివిడిగా చూస్తాయి, రొదలో ఐదో వంతున్న తరంగం వాటికి కనపడదు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ముందు వాటితో వెతికి, దొరికినవాటిని నమూనాలుగా చేసుకుని, మళ్లీ పోలికకు దిగుతున్నారు. ఇదే సరైన జోడీ అనిపిస్తుంది.

మన నేల మీద

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో భూమి కంపించింది, హైదరాబాద్ దాకా తెలిసింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చాక గోదావరి లోయలో అంతటిది ఇదే. బాత్ నియమం ప్రకారం ములుగుకు అతి పెద్ద అనంతర ప్రకంపన సగటున 4.1 దగ్గర ఉండాలి, దాని కింద చిన్నవి ఎన్నో. ఇక్కడ చిక్కు ఏమిటంటే, తరచూ కంపించే కాలిఫోర్నియాలోలా ముందే కూడబెట్టిన నమూనాలు ఉండవు. ఆ వరసలోనే స్పష్టంగా నమోదైన నాలుగైదింటిని నమూనాలుగా తీసుకుని ముందుకూ వెనక్కూ వెతకడమే దారి. కేంద్రాలు తక్కువైతే కలుపుకునే చానెళ్లూ తక్కువ: 27కు బదులు 6 ఉంటే రొద 5.2 రెట్లు కాక 2.4 రెట్లే తగ్గుతుంది.

మహారాష్ట్రలోని కోయనా ఇందుకు పూర్తిగా భిన్నం. 1962లో జలాశయం నింపడం మొదలైనప్పటి నుంచి చిన్న ప్రాంతంలోనే భూకంపాలు వస్తున్నాయి, 1967 డిసెంబర్‌లో వచ్చినది 6.3. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ అక్కడ బోరు రంధ్రాల్లో సీస్మోమీటర్లు దింపింది. పైన వాహనాల, గాలివానల రొద అంతగా దిగని చోట, ఒకే భ్రంశాలు పదేపదే జారే నేల మీద, నమూనాల పోలికకు ఇంతకంటే అనువైన చోటు దేశంలో దొరకడం కష్టం.

వీటన్నిటికీ ఒక షరతు ఉంది. రికార్డు రోజుకు 24 గంటలూ తెగకుండా నిల్వ ఉండాలి. గంట మోగినప్పుడు మాత్రమే కొన్ని నిమిషాలు దాచుకునే పాత వ్యవస్థల్లో, గంట మోగించలేని ప్రకంపన ఏ ఫైల్లోనూ ఉండదు. సెకనుకు 100 శాంపిళ్లు, మూడు చానెళ్లు, ఒక్కో శాంపిల్‌కు నాలుగు బైట్లు అనుకున్నా ఒక కేంద్రానికి రోజుకు సుమారు 104 మెగాబైట్లు, కుదిస్తే ఇంకా తక్కువ. అది దాచిపెట్టి ఉంటే, ములుగు దగ్గర మరో ప్రకంపన స్పష్టంగా నమోదైన రోజున, దాన్ని నమూనాగా పెట్టుకుని 2024 డిసెంబర్ 4 ఉదయాన్ని మళ్లీ వెతకవచ్చు.